గొంగడి కింద రెండు తుమ్మలు

నల్లతుమ్మకూ తెల్లతుమ్మకూ తేడా ఏమిటని మా పశువుల శాఖలో కొత్తగా చేరిన పిల్లల్ని అడిగితే వెంటనే పుస్తకం అందుకుంటారు. నన్ను అడిగితే చెట్టు దగ్గరికి రమ్మంటాను. నల్లతుమ్మ బెరడు నల్లగా, పగుళ్లు పారి ఉంటుంది. పువ్వు పసుపుపచ్చటి చిన్న బంతి, కాయ పూసలు గుచ్చిన దండ. తెల్లతుమ్మ మాను పాలిపోయి ఉంటుంది. పువ్వులు వెన్నరంగు గుత్తులు, కాయ సన్నగా, సాపుగా ఉంటుంది. నల్లతుమ్మ చెక్కతో నాగళ్లు చేస్తారు, పట్టతో తోళ్లు పదును చేస్తారు. తెల్లతుమ్మ పట్ట దేనికి పనికొస్తుందో సారా కాచేవాళ్లను అడగండి. ఆ సంగతి నాకు తెలియదని మా ఇంట్లో ఇప్పటికీ నమ్ముతారు. ముళ్లకు మాత్రం రెండింట్లో ఏదీ తక్కువ తినలేదు.

ఇంతవరకు మీ పుస్తకంలోనూ ఉంటుంది. అందులో లేనిది ఒకటుంది. అది నేను ఒక ముసలమ్మ ఒడిలో చూశాను. పోలీస్ యాక్షన్ అయిన ఏడు, వానలు ఇంకా వెనకపట్టని రోజుల్లో.

అప్పుడు నేను రామన్నపేట పశువుల దవాఖానలో కాంపౌండర్‌ని. మా డాక్టరు సాబ్‌ది హైదరాబాదు. సన్నగా పొడుగ్గా ఉండేవారు. ఉర్దూలో ఆలోచించి తెలుగులో మాట్లాడేవారు. ఆయనకు రెండు పిచ్చులు. ఒకటి చాయ్, రెండోది ఫొటోలు. దవాఖాన వెనక గదికి దుప్పట్లు కట్టి చీకటి చేసి, అక్కడ తన డబ్బా కెమెరాతో తీసినవి కడుక్కునేవారు. తీసినవన్నీ ఎద్దులే. మనుషుల్ని తీయరేం సాబ్ అంటే, "మనిషి కదులుతడు. ఎద్దుకు తమీజ్, మర్యాద ఉంది, నిలవడుమంటే నిలవడుతది" అనేవారు. ఆ గదిలోంచి వచ్చే, ఫొటోలు కడిగే హైపో మందు వాసనకు నేను రోజూ సణిగేవాణ్ని. సర్కారు దవాఖానలో ఈ గొడవేమిటని నా బాధ.

రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. ఊళ్లలో దొరల గడీలు క్యాంపులయ్యాయి. కమ్యూనిస్టు దళాల కోసం గాలింపులు మొదలయ్యాయి. ఎవరి మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలియని కాలమది. డాక్టరు సాబ్ అంతకుముందు ఎర్రటి రూమీ టోపీ లేకుండా గడప దాటేవారు కాదు. ఆ నెల నుంచి టోపీ కొయ్యకే వేలాడుతోంది. పొద్దుగూకితే బజారుకు పోవడం మానేశారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పొద్దున వచ్చి గది ఊడ్చేటప్పుడు ఆ టోపీ మీది దుమ్ము దులిపేవాణ్ని. ఆయన చూసి తల తిప్పుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే ఒక రైతు భార్య వచ్చింది. కాళ్లు మోకాళ్ల దాకా బురద. వెంట గొడ్డూ లేదు, గోదా లేదు. గడప దగ్గరే నిలబడి అడిగింది.

"సారూ, గొర్లు ఎందుకు సచ్చినయో మీరొచ్చి చెప్పాలె."

"ఎవరి గొర్లమ్మా?" అన్నాను.

"మా ఊరి గొర్ల పెద్దమ్మయి."

"మరి ఆమె రాలేదేం?"

"ఆమె ఎందుకొస్తది? మా ఇంటాయన మందు పెట్టి సంపిండని క్యాంపుల చెప్పిందే ఆమె. నిన్న తోలుకపోయిన్రు. గియ్యాల మాపటికి లారీల నల్లగొండకు పంపుతరట."

ఆ లారీ గురించి మీకు చెప్పాలి. దాంట్లో ఎక్కినవాళ్లు కొందరు నెలలకు వచ్చారు. కొందరు రానేలేదు. ఏ ఊళ్లో అడిగినా లారీ అంటే అదే అర్థం.

"నీ మొగడు పెట్టిండా మందు?" అని డాక్టరు సాబ్ నేరుగా అడిగారు.

"కోడిని కొయ్యాలంటెనే మొకం తిప్పుకుంటడు సారూ. మొన్న గొర్లు మా జొన్నల పడ్డయి. మీ గొర్లను మట్టువెడ్తనని కోపానికి ఒర్రిండు. అందరిన్నరు. గంతే. ఆ పెద్దమ్మ ఏటేటా ఎండకాలం మా చెల్కల్నే మంద ఆపుతది. నేను కాపురానికి వచ్చినప్పటి సంది సూస్తున్న."

మంద ఆపడం అంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను. ఎండాకాలం రాత్రిళ్లు గొర్రెలు రైతు చెల్కలో, అంటే మెట్టచేలో, పడుకుంటాయి. పెంటికలన్నీ భూమికి ఎరువు. బదులుగా రైతు గింజలు కొలుస్తాడు. ఎవరి మంద ఎవరి చెల్కలో ఆగుతుందన్నది పెళ్లి సంబంధమంత గట్టి లెక్క. అలాంటి ఇళ్ల మధ్య పుట్టిన మంట ఇది.

డాక్టరు సాబ్ ఆమెను కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. "గొర్లు ఎట్ల సచ్చినయి? కడుపుబ్బిందా? పారిందా?"

"ఏం లేదట సారూ. మేత తినుకుంటనే నోర్లు తెరిచి ఎగవోసుకుంట పడ్డయట. సూస్తుండంగనే పానం పోయిందట."

ఆయన లేచి వెనక గదిలోంచి హైపో డబ్బా తెచ్చారు. కాలిన గాయాలకు వాడే పసుపుపచ్చటి పిక్రిక్ మందు, బట్టల సోడా, రెండు ఖాళీ సీసాలు సంచిలో పెట్టారు. కాచి చల్లార్చిన నీళ్లు పట్టుకోమన్నారు.

"గొర్లకు ఫొటో తీస్తరా సాబ్?" అన్నాను. నాకు నోరు ఆగేది కాదు.

"తీస్తె తీస్త. నువ్వు సైకిల్ల గాలి చూడు."

బయలుదేరబోతూ కొయ్య దగ్గర ఆగి టోపీ తీసి పెట్టుకున్నారు. "సాబ్, ఇయ్యాల వద్దు" అన్నాను.

"క్యాంపుల పెద్ద అఫ్సర్‌తో మాట్లాడాలె. ఉత్త తలతోని పోతె మర్యాద కాదు" అన్నారు. ఆయన ధైర్యవంతుడని నేనెప్పుడూ చెప్పను. భయపడుతూనే బయలుదేరారు.

రైతు భార్య వెనక నడిచి వస్తానంది. మేమిద్దరం సైకిళ్ల మీద ఆ ఊరు చేరాం. ఊరి బయట గొర్రెల దొడ్డి. దొడ్డి పక్కన చచ్చిన గొర్రెలు వరసగా ఉన్నాయి. వాటి ముందు ఒక ముసలమ్మ గొంగడి కప్పుకుని కూర్చుంది. పెనిమిటి పోయినప్పటి నుంచి ఆయన గొంగడీ ఆమెదే, మందా ఆమెదే. పిల్లల్లేరు. మా వంక చూసింది కాని లేవలేదు.

దొమ్మ రోగమేమో సాబ్, ముట్టుకోవద్దని నేను వెనక్కి జరిగాను. దొమ్మ అయితే మనిషికీ అంటుకుంటుంది. ఆయన చెవి దగ్గర చిన్న గాటు పెట్టి చూపించారు. దొమ్మలో నెత్తురు తారులాగా నల్లగా ఉంటుంది. ఇది ఎర్రగా నిగనిగలాడుతోంది. కడుపు కోస్తే నిండా తుమ్మాకే.

"సచ్చినంక గూడ వాటిని ఇడువరా సారూ?" అంది ముసలమ్మ.

"ఎందుకు సచ్చినయో తెలుసుకోవాలె కదమ్మా."

"నాకెరుకే. వాడు మందు చల్లిండు. నా మంద ఆగిన చెల్కనే నా మందను తిన్నది. ఇంక బైట గడ్డి ముట్టనియ్య. ఇన్ని దినాలు దొడ్లె కొంత కొమ్మ ఏసిన, ఇప్పుడు మిగిలినయాటికి అంత నా చేత్తోని కోసుకొచ్చి పెడ్తున్న."

అప్పుడు చూశాం. దొడ్డి లోపల మిగిలిన గొర్రెలు ఉన్నాయి. తాడుకు కొమ్మల కట్టలు వేలాడుతున్నాయి. కొన్ని వాడి ఉన్నాయి, కొన్నింటికి లేత చిగురు. గొర్రెలు ఆకలి మీద ఎగబడి తింటున్నాయి. నేను చూస్తుండగానే ఒక నల్లమూతి తల్లిగొర్రె నోరు తెరిచి, కాళ్లు కొట్టుకుంటూ పడిపోయింది.

డాక్టరు సాబ్ అంత పెద్దమనిషి, దొడ్డి కంపను దాటి లోపలికి దూకారు. కట్టలను రెండు చేతులతో లాగి బయటికి విసిరారు. చేతుల నిండా ముళ్లు దిగాయి. షేర్వాణీ చిరిగింది. "నా గొర్లను ఆకలికి సంపుతవా" అని ముసలమ్మ ఆయన మీదికి వచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను. ఆమె నా రొమ్ము మీద పిడికిళ్లతో కొట్టింది. ఆయన హైపో నీళ్లలో కరిగించి, సూదిలోకి ఎక్కించి, తల్లిగొర్రె మెడ నరానికి పెట్టారు. ఎద్దుల ఫొటోలు కడిగే మందు గొర్రె నెత్తుట్లోకి పోతోంది. నేను దేవుణ్ని తలుచుకున్నాను, అంతకంటే చేయగలిగింది లేదు.

కొద్దిసేపటికి గొర్రె కాళ్లు కొట్టుకోవడం ఆగింది. పోయిందనుకున్నాను. తర్వాత తల ఎత్తింది. ఇంకాసేపటికి తూలుతూ లేచి నిలబడింది. ముసలమ్మ దాని మెడ పట్టుకుని ముఖం దాని ఉన్నిలో దాచుకుంది. నాకు కూడా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

డాక్టరు సాబ్ ఒక కొమ్మ తెచ్చి ఆమె ముందు పెట్టారు. "అమ్మా, ఇది ఏ చెట్టు?"

"తెల్లతుమ్మ."

"నల్లతుమ్మ ఎందుకు తేలేదు?"

"యాడుంది నల్లతుమ్మ? క్యాంపు చుట్టూత కంచెకని మొత్తం కొట్టిచ్చిరి. గుట్టకు తోలుదమంటె దళాలున్నయని హుకుం. బాయి కాడ గా తెల్లతుమ్మలే మిగిలినయి. గిది గూడ తుమ్మనే గద సారూ. మా తాతల కాలం సంది తింటున్నయి, ఏ ఒక్కటి సావలే."

"నువ్వు చెప్పింది నిజమే" అన్నారాయన. ఆ మాటకు ఆమె కొంచెం తగ్గింది. "గుట్ట మీద నడుచుకుంట తింటే ఇక్కడొక నోరు, అక్కడొక నోరు. ఏం గాదు. కట్టేసిన జాగాలనే నిలవడి, ఆకలి కడుపుతోని లేత చిగురు, వాడిన కొమ్మ కడుపు నిండ తింటె అదే జహర్, ఇసం లెక్క అయితది. నల్లతుమ్మల గీ జహర్ ఉండదు. తెల్లతుమ్మల ఉంటది. దానికి విరుగుడే నేనిచ్చిన ఫొటో మందు."

ఆమెకు అర్థమయ్యింది. అర్థమైనందుకే ఒప్పుకోలేదు. "అబద్ధం. వాణ్ని తప్పియ్యనీకి వాని పెండ్లాం నిన్ను తోలుకొచ్చింది" అంది.

"అబద్ధమో నిజమో నేను చెప్ప. రెండు సీసాలు చెప్తయి. క్యాంపు దాక వచ్చి నీ కండ్లతోని చూడు."

ఆమె చాలాసేపు తల్లిగొర్రె వీపు నిమురుతూ కూర్చుంది. తర్వాత గొంగడి సర్దుకుని లేచింది.

గడీ గేటు దగ్గర సిపాయి డాక్టరు సాబ్ టోపీ చూసి తుపాకీ అడ్డం పెట్టాడు. సాబ్ వెనక్కి తగ్గలేదు. తాను పశువుల డాక్టరునని, గొర్రెల చావు గురించి క్యాంపు పెద్ద సుబేదారుకు రిపోర్టు చెప్పాలని ఉర్దూలో అన్నారు. లోపలి నుంచి సుబేదారు విని రమ్మన్నాడు. ఉత్తరాది రైతుబిడ్డ, ఇంటి దగ్గర బర్రెలున్నాయట. మాట మొదలుపెట్టకముందే, ఈనిన బర్రె పాలివ్వకపోతే ఏం చేయాలని అడిగాడు. డాక్టరు సాబ్ ఓపిగ్గా చెప్పారు. నాకు మాత్రం బయట నిలబడ్డ లారీయే కనబడుతోంది.

తర్వాత సుబేదారు విషయానికి వచ్చాడు. ముసలమ్మ మాట మీదనే ఆ మనిషిని పట్టుకున్నామని, గొర్రెలు వేరే దేనితోనో చచ్చాయని రుజువైతే వదిలేస్తానని, కాకపోతే లారీ ఆగదని చెప్పాడు. డాక్టరు సాబ్ సరేనన్నారు. నల్లతుమ్మ ఆకు క్యాంపు కంచెలో ఇంకా పచ్చగా ఉన్న కొమ్మ నుంచే సుబేదారు చేత తెంపించారు. తెల్లతుమ్మ చిగురు మేం తెచ్చిన కట్టలోది. రెండూ వేరువేరుగా నలిపి, కాసిని నీళ్లు చిలకరించి, రెండు సీసాల్లో వేయించారు. పిక్రిక్ మందులో, సోడాలో తడిపిన పసుపుపచ్చ కాగితపు ముక్కలు సీసాకు ఒకటి చొప్పున లోపల వేలాడదీసి బిరడా బిగించారు. తెల్లతుమ్మ సీసా మెడకు నేను దారం కట్టాను.

"జహర్ ఉంటే ఈ పసుపుపచ్చ కాగితం ఎర్రగయితది. లేకుంటే గట్లనే ఉంటది. వెచ్చగ ఉంచాలె" అన్నారు.

వెచ్చదనం ఎక్కడిది? పొద్దుటి నుంచి ముసురు. సుబేదారు పొయ్యి దగ్గర పెట్టమన్నాడు. సీసా పగిలితే రుజువు పోతుందని సాబ్ వద్దన్నారు. చేతుల్లో పట్టుకుందామంటే ఆయన చేతులు ముళ్లకు చీరుకుపోయి, చల్లగా తడిసి ఉన్నాయి. నావీ అంతే.

ముసలమ్మ చెయ్యి చాపింది. "ఇటియ్యి సారూ."

రెండు సీసాలూ తీసుకుని ఒడిలో పెట్టుకుంది. మీద గొంగడి కప్పి, రెండు చేతులూ లోపలికి పోనిచ్చి, కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు వంగి కూర్చుంది.

ఎదురుగా స్తంభం దగ్గర ఆ రైతు ఉన్నాడు. చేతులు కట్టేసి ఉన్నాయి. రాత్రంతా వానలోనే ఉన్నాడేమో, వణుకుతున్నాడు. అతని భార్య అప్పటికి నడిచి వచ్చి గేటు అవతల నిలబడింది. అతను ముసలమ్మను పిలిచాడు.

"పెద్దమ్మా, మిగిలినయాటికి నీళ్లు వెట్టినవా?"

ఆమె సీసాల మీద గొంగడి సర్దుకుంది.

"గా నల్లమూతి తల్లిగొర్రె ఉన్నదా, పోయిందా?"

"ఉన్నది" అంది. "పడ్డది. మల్ల లేసింది."

అతను తల ఊపాడు. నేను అతని ముఖం చూస్తున్నాను. తనను లారీ ఎక్కించబోయేది ఆ ముసలమ్మేనని అతనికి తెలుసు. అయినా అతనికి ఆ గొర్రె గురించి తెలుసుకోవాలనుంది. పోయిన ఎండాకాలం అది తన చెల్కలోనే ఈనిందట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ముసలమ్మ డాక్టరు సాబ్ వైపు తిరిగింది. "గీ దారం కట్టిన సీసల ఎర్రగైతె వాడు ఇంటికి పోతడు. గంతేగ?"

"గంతే అమ్మా."

"ఎర్రగైతె నా చేతులే సంపినట్టు. గంతేగ?"

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "నువ్వు ఆకలికి పెట్టినవమ్మా. సంపాలని పెట్టలే" అన్నారు.

"ఊకో సారూ. నేనడిగింది చెప్పు."

"గంతే" అన్నారు మెల్లగా.

ఆమె గొంగడిని ఇంకా దగ్గరికి లాక్కుంది. సీసాలను పొట్టకు అదుముకుంది. పిల్లలూ, నా ఉద్యోగంలో సూక్ష్మదర్శినులు చూశాను, పెద్ద పెద్ద లాబొరేటరీలు చూశాను. ఫలితం తన మీదే వస్తుందని తెలిసి, అది రావాలని తన ఒంటి వేడిని ఇచ్చిన మనిషిని మళ్లీ చూడలేదు. ఆమె కావాలనుకుంటే సీసా కొంచెం జార్చి, చల్లటి బండ మీద పెట్టి ఉండవచ్చు. ఎవరికి కనబడుతుంది?

ముసురు ఆగలేదు. లారీ డ్రైవరు వచ్చి ఇంజను తిప్పి చూసుకున్నాడు. సుబేదారు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఆ ఆకులో ఏమీ లేకపోతే? సాబ్ పొరబడి ఉంటే? ఆయన పెదాలు కదులుతున్నాయి, దువా చేసుకుంటున్నారని తెలిసింది.

ముసలమ్మ గొంగడి అంచు ఎత్తి తనే ముందుగా లోపలికి చూసింది. మళ్లీ కప్పింది. కళ్లు మూసుకుంది. తర్వాత రెండు సీసాలూ బయటికి తీసి సుబేదారు బల్ల మీద పెట్టింది.

నల్లతుమ్మ సీసాలో కాగితం పసుపుపచ్చగానే ఉంది. దారం కట్టిన సీసాలోది ఇటుకరాయి రంగుకు తిరిగింది.

"ఇడువు వాణ్ని" అంది. "నేనే పెట్టిన."

సుబేదారు రెండు సీసాలూ వెలుతురులో పెట్టి చూశాడు. కంచె వైపు చూశాడు, బావి వైపు చూశాడు. ఏమనుకున్నాడో నాకు తెలియదు. కట్లు విప్పమన్నాడు. మరునాటి నుంచి పగటి పూట గుట్టకు గొర్రెలు తోలుకోవచ్చని కూడా అన్నాడు. డాక్టరు సాబ్ ఆయనకు సలాం చేసి టోపీ మళ్లీ పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి అది కొయ్య మీద దుమ్ము పట్టలేదు. నాకు ఒక పని తగ్గింది.

తెల్లతుమ్మ చెడ్డ చెట్టని ఈ కథ విని కొట్టేయకండి. దాని నీడలో నేను ఎన్నోసార్లు సద్ది తిన్నాను. ఆ ఏడు ఎవరికీ హంతకుడు లేని చావు అంటే నమ్మకం లేకపోయింది, అంతే. గొర్రె చచ్చినా ఒక మనిషి పేరు కావలసి వచ్చింది.

గేటు బయటికి అందరం కలిసి వచ్చాం. రైతు భార్య అతని చేతుల మీద తాడు గుర్తులను కొంగుతో తుడుస్తోంది. ముసలమ్మ ఎవరి వంకా చూడకుండా ముందు నడుస్తోంది. అతను వెనక నుంచి పిలిచాడు.

"పెద్దమ్మా, ఎండకాలం మంద మా చెల్కల్నే గద ఆపుతవు?"

ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు. "మంద యాడుందిరా ఇంక? ఉన్నయి ఎన్ని?"

"ఉన్నకాడికే ఆపు. పెంటికలు నేనేమన్న లెక్కవెడ్తనా?"

ఆమె వెనక్కి నడిచి వచ్చింది. అతని ముందు నిలబడి ముఖం వంక చూసింది. ఒంటి మీది గొంగడి తీసి, వానకు వణుకుతున్న అతని వీపు చుట్టూ కప్పింది.